లడ్డూ బరువెంత?

పెళ్లివారికని వండిన పిండివంటలన్నీ ముందేసుకుని ఘటోత్కచుడు కూర్చుంటాడు. చెయ్యి పెట్టే పనే లేదు. లడ్డూలు వాటంతట అవే లేచి వెళ్లి నోట్లో పడుతుంటాయి. 1957 మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైనప్పటి నుంచి ఈ ముక్క చూసి నవ్వని తెలుగు ఇల్లు లేదు. కెమెరా ఆపడం, వస్తువును వేలెడు జరపడం, ఒక ఫ్రేమ్ తియ్యడం, మళ్లీ ఆపడం, మళ్లీ జరపడం. స్టాప్ మోషన్ అంటే ఆ ఓపికే.

కంప్యూటర్ నేర్చిన కుర్రాడు ఇవాళ అదే లడ్డూను పూట తిరక్కుండా ఎగరేసి చూపిస్తాడు. ఎగురుతుంది గానీ దానికి బరువుండదు. మాయాబజార్ లడ్డూకు బరువు ఎక్కడిదని నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చూశాను. అది ఘటోత్కచుడి వేషం వేసిన రంగారావు దవడల్లో ఉంది. లడ్డూ పడగానే బుగ్గ ఉబ్బుతుంది, కళ్లు ఒక్క క్షణం లోపలికి చూస్తాయి, గొంతు కదులుతుంది. బంతిలో రెండో వాయి వడ్డించుకున్న మనిషి మొహం అది. కెమెరా చేసిన మాయను ఆ మొహం నిజం చేసింది.

బొమ్మను కదిలించేవాడు దేన్ని చూసి కదిలిస్తాడన్నదే ఇక్కడ నా ప్రశ్న. అంతకు ముందెవరో గీసిన బొమ్మను చూసా, వీధిలో నడిచే మనిషిని చూసా? తెలుగులో ‘బొమ్మ’ అన్న మాట ఇప్పటికే చాలా మోస్తోంది. పిల్ల ఆడుకునేది బొమ్మ, బాపు గీసింది బొమ్మ, తోలుతో చేసి తెర వెనక ఆడించేది బొమ్మ. శుక్రవారం మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా ‘బొమ్మ ఎలా ఉందట?’ అనడిగితే సినిమా సంగతి. మన భాష వీటిని ఎప్పుడూ విడదీసి చూడలేదు. మన చరిత్రలో కూడా అవి విడిగా లేవు.

ఆ చరిత్ర మొదలు వెతకాలంటే జూబ్లీహిల్స్ దిగి దక్షిణానికి పోయి, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆగాలి. అక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు దాటేంత పల్చగా గీకి, ఆరబెట్టి, రంగులద్ది, నగలున్న చోటల్లా సన్నటి చిల్లులు పొడుస్తారు. దీపం వెలిగితే ఆ చిల్లులే వడ్డాణాలు, కిరీటాలు అవుతాయి. భుజం దగ్గర, మోచేతి దగ్గర, నడుము దగ్గర తోలు ముక్కల్ని విడివిడిగా కోసి దారంతో ముడివేస్తారు. కదలిక ఆ ముడుల దగ్గరే పుడుతుంది. టీవీ కోసం 2డీ బొమ్మలు చేసేవాళ్లు ఇవాళ కంప్యూటర్‌లో పాత్రను ముక్కలుగా విడగొట్టి, కీళ్ల దగ్గర తిరిగేలా కట్టుకుని దాన్ని ‘రిగ్’ అంటారు. పేరు కొత్తది, ముడి పాతదే.

ఇంకొక సంగతి ఉంది. తోలుబొమ్మలాటలో ఒకే పాత్రకు సందర్భాన్ని బట్టి వేరువేరు బొమ్మలుంటాయి. కొలువులో కూర్చున్న రావణుడు వేరు, యుద్ధానికి పోయే రావణుడు వేరు. యానిమేటర్లు కీ ఫ్రేమ్ అని పిలిచే దాని పని ఇదే: ముఖ్యమైన భంగిమలు ముందు నిలబెట్టుకోవడం, నడిమి కదలికను చేతివాటంతో నింపడం. పాతకాలంలో తెర వెనక నూనె దీపాలుండేవి. గాలికి మంట ఊగితే బొమ్మ నీడ కూడా ఊగేది. కదలకుండా పట్టుకున్న సీత కూడా ఊపిరి తీసుకుంటున్నట్టు కనిపించేది. జర్మనీలో లోటె రైనిగర్ నల్ల కాగితం కత్తిరించి, కీళ్లు కట్టి, ఒక్కొక్క ఫ్రేమే తీస్తూ 1926లో ‘ప్రిన్స్ అహ్మద్’ నీడల సినిమా పూర్తిచేసింది. ఆమెకు అది కొత్త ప్రయోగం. మన రాయలసీమ పల్లెల్లో అదే రూపం తిరునాళ్ల రాత్రుల వినోదం.

ఈ బొమ్మల మొహాలు ఎక్కడివి? నిమ్మలకుంట ఉన్న జిల్లాలోనే లేపాక్షి ఉంది. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, వీరభద్రాలయం మండపాల కప్పుల మీద గీసిన చిత్రాల కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడి చూడండి. పక్కకు తిరిగిన మొహం, కోసుగా ముందుకొచ్చిన ముక్కు, విప్పారిన కన్ను, చీరల మీద కొలిచి వేసినట్టున్న గడులు, అంచులు. తోలుబొమ్మల్లో దేవుళ్లు, రాణులు అక్కడి చుట్టాలే. కానీ ఆట సగంలో తెర మీదికి దూకే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు మాత్రం ఏ గుడి కప్పు మీదా కనిపించరు. ఆ పొట్ట, ఆ వంకర నడక, ఆ చేతులూపడం ఊళ్లోవే. దేవుణ్ణి చిత్రం నుంచీ హాస్యగాణ్ణి వీధి నుంచీ తెచ్చుకోవడం అక్కడ మొదలైన అలవాటు. అది మనల్ని ఇప్పటికీ వదల్లేదు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వస్తే అంతా మద్రాసు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. విజయా సంస్థను నడిపిందీ, ‘మాయాబజార్’ తీసిందీ ఆ ఇద్దరే. పిల్లల పత్రిక, పౌరాణిక సినిమా ఒకే గూటిలో పెరిగాయన్నమాట. ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మలతోనే రెండు మూడు తరాల తెలుగు పిల్లలకు భీముడు, బేతాళుడు, అప్సరస ఎలా ఉంటారో తెలిసింది. భుజాన శవాన్ని వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. ఆ నడకలో ఒంటికాలి మీద పడే బరువును చూడండి. శవాన్ని ఎప్పుడూ మొయ్యకపోయినా బస్తా మోసే మనిషిని గమనించిన చెయ్యి అది.

‘మాయాబజార్’ కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే చిత్రకారుడు, కథలు రాసినవాడు. పల్లెటూరి బతుకును కథల్లో పట్టుకున్న మనిషే ద్వారకకు, రాక్షసుల కొలువుకు ఆకారం ఇచ్చాడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ద్వారకను యాభై అడుగులకు అరవై అడుగుల జాగాలో మూడొందల చిట్టి ఇళ్లతో కట్టి, లోపల దీపాలు పెట్టి తీశారు. కంబళి తనంతట తాను చుట్టుకుంటుంది, మంచం మనిషిని ఆటాడిస్తుంది. ‘గింబళి’, ‘గిల్పం’ అన్న మాటలు ఇళ్లలో ఇంకా నవ్వు పుట్టిస్తున్నాయంటే ఆ వస్తువులకు నటన ఉండబట్టే. మనుషులు లేచేదాకా ఓపిక పట్టే కొంటెతనం ఆ కంబళిలో ఉంది.

సరిగ్గా అదే కాలంలో బొంబాయిలో ఇంకో పాఠశాల తెరిచారు. ‘స్నో వైట్’, ‘బాంబి’ చిత్రాలకు డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో శిక్షణ ఇవ్వడానికి వచ్చాడు. ‘బాంబి’ కోసం డిస్నీ స్టూడియోలోకి నిజం జింకపిల్లల్ని తెచ్చి పెంచారు. రికో లెబ్రన్ జంతువుల ఎముకల అమరిక నేర్పాడు. అడవికి మాత్రం టైరస్ వాంగ్ పాత చైనా చిత్రాల పద్ధతిలో, ఆకులు లెక్కపెట్టకుండా పొగమంచులా రంగులు వేశాడు. జింక బతుకులోంచి, అడవి చిత్రంలోంచి. ఆ విద్య మోసుకొచ్చిన వీక్స్ దగ్గర మనవాళ్లు 1957లో చేసిన ‘ది బనియన్ డీర్’ జాతక కథ. దాని రూపురేఖలు అజంతా బాణీవి.

అజంతా అంటే తెలుగువాళ్లకు పరాయిదేమీ కాదు. 1956 దాకా ఆ గుహలు హైదరాబాద్ సంస్థానంలో, తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం పురావస్తు శాఖ వాటిని కాపాడి, నకళ్లు రాయించి, సంపుటాలు అచ్చువేయించింది. సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ వేసిన ప్రతులు హైదరాబాద్ చిత్రకళ చరిత్రలో ఒక అధ్యాయం. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా గ్యాలరీ ఇప్పటికీ ఉంది. ఫిల్మ్‌నగర్ నుంచి ఆటోలో అరగంట. వెళ్లినప్పుడల్లా అక్కడ స్కూలు పిల్లలే కనిపిస్తారు. స్కెచ్‌బుక్ పట్టుకున్న యానిమేటర్ నాకు ఎదురుపడలేదు. నేను వెళ్లినవి తప్పుడు వేళలేమో.

అరవైల్లో ట్రిక్ ఫోటోగ్రఫీ అంటే రవికాంత్ నగాయిచ్. 1961 నాటి ‘సీతారామ కల్యాణం’లో రామారావు పదితలల రావణుడిగా కనిపించాలంటే, కెమెరా బిగించి, ఒక తలకు తప్ప మిగతా జాగాకంతా మూత వేసి, ఫిల్మును వెనక్కి చుట్టి, మళ్లీ మళ్లీ తియ్యాలి. అన్నిసార్లూ మనిషి కదలకూడదు. అదే నగాయిచ్ బాపు ‘సీతాకల్యాణం’ (1976)లో గంగను నేలకు దించాడు. బాపు సంగతి ప్రత్యేకం. సినిమా తియ్యబోయే ముందు షాట్లన్నీ బొమ్మలుగా గీసి పెట్టుకునే దర్శకుడు ఆయన. ఇవాళ స్టోరీబోర్డ్ ఆర్టిస్ట్ అని టైటిల్స్‌లో పేరు పడే పని ఆయనకు చేతి అలవాటు. బాపు గీత చూడ్డానికి సులువు. కానీ వాలుజడ బరువుకు మెడ ఎటు వంగుతుందో, బిందె చంకనెత్తుకున్న అమ్మాయి నడుము ఎటు విరుగుతుందో గోదావరి రేవులో చూడనివాడికి ఆ గీత పడదు. బాపు బొమ్మను నకలు కొట్టేవాళ్లకు కళ్లు, జడ దొరుకుతాయి. నడుము దొరకదు.

పరిశ్రమ హైదరాబాద్‌కు మారిన కథ అందరికీ తెలిసిందే, త్వరగా దాటేస్తాను. రాళ్లగుట్టల మీద అక్కినేని కట్టిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి, చుట్టూ ఫిల్మ్‌నగర్ పెరిగింది. మద్రాసు నుంచి నటులు, దర్శకులు, ల్యాబ్‌లు తరలివచ్చాయి గానీ, సెట్ల వెనక బొమ్మలేసే చిత్రకారుల వాతావరణం అంత సులువుగా తరలలేదు. ఆ ఖాళీలోకి కంప్యూటర్ వచ్చింది. 1995లో ‘అమ్మోరు’ ఆడాక ‘గ్రాఫిక్స్’ అన్న మాట పల్లెలకు కూడా చేరింది. సెట్‌లో ఏది కుదరకపోయినా ‘గ్రాఫిక్స్‌లో చూసుకుందాం లే’ అనడం అప్పటి నుంచి ఊతపదమైంది.

2000 తర్వాత నగరంలో యానిమేషన్ కొలువులు పెరిగాయి. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ లాంటి సంస్థల్లో వందల మంది ఐరోపా, అమెరికా చానళ్ల కోసం పనిచేశారు. పని నేర్చుకున్నారు, క్రమశిక్షణ నేర్చుకున్నారు, అది చిన్న సంగతి కాదు. కానీ పాత్ర ఎలా ఉండాలో చూపే మోడల్ షీట్ అక్కడి నుంచి వచ్చేది. మంచు ఎన్నడూ చూడని వేళ్లు మంచులో నడిచే పిల్లల్ని కదిలించాయి. సొంత కథ చెప్పే వేళకు చేతికి పరాయి నడక అలవాటైపోయింది. 2006లో బి. సత్య తీసిన ‘కిట్టు’కు ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. ఆ కోతిపిల్ల సినిమాను ఇప్పుడు గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక వింత చుట్టరికం చెప్పాలి. ‘మాయాబజార్’కు దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు యాభై ఏళ్ల తర్వాత, 2008లో, ‘ఘటోత్కచ్’ అనే యానిమేషన్ చిత్రం తీశారు. రంగారావు లడ్డూలను దగ్గరుండి చూసిన మనిషి ఆ పాత్రను గీతల్లోకి తెచ్చాడు. అదే 2008లో హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి రాజీవ్ చిలక సృష్టించిన ‘ఛోటా భీమ్’ పోగో చానల్‌లోకి వచ్చాడు. ఘటోత్కచుడి తండ్రి పేరు పెట్టుకున్న ఈ పిల్లాడికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? లడ్డూ నుంచే. భీమ్ లడ్డూ తింటే దవడ కదలదు, కండ ఉబ్బుతుంది, అంతే. దీన్ని వెటకారం చెయ్యను. వారం వారం అన్నేసి ఎపిసోడ్లు ఇచ్చే టీవీ లెక్కలో దవడకు సమయం దొరకదు. పైగా ఆ చదును రంగులు, పక్కకు తిరిగిన నిలువు, కీళ్ల దగ్గర తిరిగే చేతులు ఎంతోమంది పిల్లలకు నచ్చాయి. తెలిసో తెలియకో అవి తోలుబొమ్మకు దగ్గర. కేతిగాడు మాత్రం అందులో లేడు. భీమ్ ఉండే ధోలక్‌పూర్ ఏ నేలకూ చెందని ఊరు.

బొమ్మ, బతుకు రెండూ ఒక్క చోట కలిసిన సందర్భం అడిగితే నేను ‘ఈగ’ అంటాను. 2012 జులై 6న విడుదలైన రాజమౌళి చిత్రం. దాన్ని సమర్పించింది ఫిల్మ్‌నగర్ రామానాయుడు స్టూడియో కుటుంబానికి చెందిన సురేష్ బాబు. కథ విజయేంద్రప్రసాద్ సరదాగా అనుకున్న ఊహ: చచ్చినవాడు ఈగై పుట్టి పగ తీర్చుకుంటాడు. హైదరాబాద్ మకుట వీఎఫ్ఎక్స్‌లో, ఆర్.సి. కమలకణ్ణన్, పీట్ డ్రేపర్ ఆధ్వర్యంలో మొదట తయారైన ఈగ దర్శకుడికి నచ్చలేదు. అప్పటిదాకా చేసింది పక్కనపెట్టి మళ్లీ మొదటికొచ్చారు.

చిక్కు ఎక్కడుందంటే ఈగ మొహంలో. మొహం నిండా కళ్లే. రెప్పలు లేవు, కనుబొమలు లేవు, పెదవులు లేవు. కోపం చూపించాలంటే కనుబొమ ముడెయ్యాలని నేర్చుకున్న యానిమేటర్‌కు అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక దారి, కార్టూన్ పద్ధతిలో మనిషి కళ్లు అతికించడం. అప్పుడది ఈగ కాకుండా పోతుంది. వాళ్లు రెండు చోట్లకు వెళ్లారు. ఒకటి, నిజం ఈగ దగ్గరికి. ఈగను సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, అది చల్లబడి కదలకుండా అయ్యాక దగ్గరగా ఫోటోలు తీసి, నూగు, రెక్కల ఈనెలు, కాళ్ల ముళ్లు గమనించారు. రెండోది, 1986లో పిక్సార్ చేసిన ‘లక్సో జూనియర్’. అందులో పాత్ర ఒక టేబుల్ ల్యాంపు. మొహమే లేని దీపం మెడ వంచి, గెంతి, కుంగి పిల్లాడిలా అనిపిస్తుంది. ఒంటి భాషతోనే భావం పలికించవచ్చన్న ధైర్యం అక్కడ దొరికింది. నన్నడిగితే అంత దూరం పోనక్కర్లేదు. ఒక్క మాట లేకుండా సినిమా మొత్తం నడిపిన ‘పుష్పక విమానం’ (1987) మన సింగీతంగారిదే.

నిజం ఈగ ముందుకాళ్లు రుద్దుకుంటుంది. రుచి తెలిసే అవయవాలు ఆ కాళ్లకే ఉంటాయి కాబట్టి వాటిని శుభ్రంగా ఉంచుకోవాలి. మన కంటికి మాత్రం అది ‘చెప్తా నీ పని’ అని చేతులు నులుముకుంటున్నట్టుంటుంది. ప్రకృతి అవసరానికి చేసే పనిలో మనిషి ఉద్దేశం కనిపించడం దగ్గరే పాత్ర పుడుతుంది. ‘ఈగ’ యానిమేషన్ బలమంతా ఈ పొరపాటు చూపు మీదే నిలబడింది. ఈగ కసరత్తు చేసినా, కారు అద్దం మీద చంపుతానని రాసినా నమ్ముతాం, ఎందుకంటే వాలడం, ఆగడం, తటాలున దిక్కు మార్చడం అన్నీ మన వంటింటి ఈగవే. కథానాయిక వృత్తి సూక్ష్మకళ కావడం కూడా ఊరికే కాదనుకుంటాను. చిన్నదాన్ని దగ్గరగా చూసే కన్ను కథలోనే ఉంది. ఆ చిత్రానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం వచ్చింది.

‘బాహుబలి’ (2015) దగ్గరికి వస్తే త్రాసు చిత్రం వైపు ఒరిగింది. కళాదర్శకుడు సాబు సిరిల్, ముందుగా గీసిన వందల కాన్సెప్ట్ చిత్రాలు, కనుచూపు ఆనని మాహిష్మతి. అయినా నాకు అందులో నిలిచిపోయింది జలపాతం. కేరళ అతిరాపిల్లి దగ్గర నిజం నీళ్లు తీశారు, దాన్ని ఆకాశానికి పెంచే పని మకుటలో దాదాపు రెండేళ్లు సాగింది. నీరు యానిమేటర్‌కు గడ్డు పరీక్ష. చిన్న ధార వేగంగా పడినట్టుంటుంది, పెద్ద ధార నెమ్మదిగా దిగినట్టుంటుంది. ఆ వేగం తప్పితే కొండంత జలపాతం కుళాయిలా కనిపిస్తుంది. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు చూసిన ప్రతి మనిషికీ ఆ నెమ్మది తెలుసు. లెక్క మాత్రం తెలియదు, కళ్లకు తెలుసు.

తర్వాతి కథ వేగంగా నడుస్తోంది. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’కు యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో జాతీయ పురస్కారం ప్రకటించారు. 2025లో ‘మహావతార్ నరసింహ’ అనే పూర్తి యానిమేషన్ చిత్రానికి తెలుగు ఊళ్లలో జనం చెప్పులు విడిచి కూర్చున్నారని విన్నాం. అది ఇక్కడ తీసింది కాకపోయినా, మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కథే మళ్లీ ఇలా వచ్చింది. ఈ పనుల్లో శ్రమ తక్కువేం కాదు. కానీ దేవుళ్లంతా ఒకే వ్యాయామశాలలో తయారైనట్టుంటారు. పొట్ట మీద ఆరు పలకలు, భుజాల మీద నరాలు. లేపాక్షి దేవుడికి ఆ కండలు లేవు, వడ్డాది పాపయ్య దేవుడికీ లేవు. వాళ్ల బలం నిలబడే తీరులో ఉండేది.

మన దగ్గర చూడదగ్గ చిత్రం లేకనా ఇదంతా? తోట వైకుంఠం తెలంగాణ పల్లె ఆడవాళ్లను గీశాడు: నిండు ఒళ్లు, గుండ్రటి బొట్టు, ఎర్రటి, పసుపుపచ్చని చీరలు, కదలకుండానే కదిలేలా ఉన్న భుజాలు. ఆయనే 1988 నాటి ‘దాసి’కి కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నాడు. అంటే సినిమాకు తెలియని మనిషి కాదు. చేర్యాల నకాషీ పటాలున్నాయి, ఎర్రటి నేల మీద వరసగా గళ్లుగా సాగే కథలు. కుల పురాణం చెప్పేవాళ్లు పటం విప్పుతూ ఒక్కొక్క గడి చూపిస్తూ పాడతారు. అంతకన్నా స్టోరీబోర్డ్ ఏముంటుంది? పోలండ్‌లో వాన్ గో చిత్రాల పద్ధతిలో సుమారు 65 వేల ఫ్రేములు నూనె రంగులతో వేసి 2017లో ‘లవింగ్ విన్సెంట్’ సినిమా తీశారు. వైకుంఠం గీసిన ఆమె కుండ నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఆ నడకకు రిఫరెన్స్ కావాలంటే పొద్దున్నే కృష్ణానగర్ సెంటర్లో నిలబడితే చాలు. వేషాల కోసం బస్సెక్కే జూనియర్ ఆర్టిస్టులు, తట్ట మోసే కూలీలు, పూలమ్మే ముసలమ్మ, స్టూడియో గేటు దాకా నడిచిపోయే వాళ్లందరివీ వేరువేరు నడకలు.

నిమ్మలకుంటలో ఆటలు తగ్గాయి. తోలు, రంగు, చిల్లులు అలాగే ఉన్నాయి గానీ, కళాకారులు ఇప్పుడు ఎక్కువగా దీపపు గొడుగులు చేసి అమ్ముకుంటున్నారు. గిరాకీ బాగానే ఉంది. జూబ్లీహిల్స్ ఇళ్ల హాళ్లలో, కాఫీ షాపుల్లో వేలాడుతూ కనిపిస్తాయి. సంజీవి ఎత్తుకున్న హనుమంతుడు, కీళ్ల దగ్గర ముడులు లేకుండా ఒకే తోలు మీద. లోపల ఎల్ఈడీ బల్బు. స్విచ్ వేస్తే వెలుగుతాడు, మంట ఊగదు కాబట్టి నీడ కూడా ఊగదు.